మూలం పారేసి వ్యాఖ్యానం దాచుకునే విద్య

"టైమ్‌లాప్స్ వీడియో తీయడానికి ఏ కెమేరా కొనాలి? కంప్యూటరులో ఏ సాఫ్టువేరు వేసుకోవాలి?" అని అడిగినవారికి ఈ రోజుల్లో నలుదిక్కులనుంచీ లభించే సమాధానాలు రెండే రెండు. మొదటిది: లక్షన్నర పోసి ఫుల్‌ఫ్రేము కెమేరా కొనండి, నెలనెలా అద్దె చెల్లించి ఫలానా సాఫ్టువేరు వాడండి. రెండవది: అవన్నీ ఎందుకండీ, జేబులో ఫోనుంది కదా, అందులో టైమ్‌లాప్స్ అన్న మీట నొక్కండి, అదే చూసుకుంటుంది. ఈ రెండు వర్గాలవారూ ఒకరినొకరు ఎద్దేవా చేసుకుంటూ ఉంటారు. నా దృష్టిలో మాత్రం ఇద్దరూ ఒకే తాను ముక్కలు. ఇద్దరికీ కావలసినది చివర్లో తెరమీద పరుగులు తీసే ఆ ఇరవై సెకన్ల దృశ్యం. అది ఏ బొమ్మలనుంచి పుట్టిందో, ఆ బొమ్మల గతి తరువాత ఏమైందో ఇద్దరికీ పట్టదు. నా తగవంతా అక్కడే.

తగవులోకి దిగేముందు మాట సంగతి తేల్చుకుందాం. టైమ్‌లాప్స్‌ను తెలుగులో 'కాలసంకోచ చిత్రణం' అనవచ్చునేమో. వినడానికి గంభీరంగానే ఉంటుంది కానీ అర్థం కుదరదు. ఇక్కడ కాలం సంకోచించడం లేదు, మనం దానిని మధ్యమధ్య వదిలివేస్తున్నాము. ఒక బొమ్మ తీస్తాము, కొంతసేపు కళ్ళు మూసుకుంటాము, మళ్ళీ ఒక బొమ్మ తీస్తాము. కళ్ళు మూసుకున్న ఆ వ్యవధిని ఇంగ్లీషులో ఇంటర్వెల్ అంటారు. మనకు 'ఎడం' అనే చక్కని మాట ఉండనే ఉంది. నాట్లు వేసేటప్పుడు మొక్కకూ మొక్కకూ నడుమ వదిలే జాగా ఎడమే కదా. ఈ టపాలో నేను ఆ మాటే వాడతాను. మొత్తం వ్యవహారానికి ఇంకా మంచి పేరు ఎవరికైనా తోస్తే సంతోషంగా స్వీకరిస్తాను. అప్పటిదాకా టైమ్‌లాప్స్ టైమ్‌లాప్సే.

ఈ విద్యలో మనిషి నిర్ణయించవలసినది నిజానికి ఒక్కటే, ఎంత ఎడం? తక్కినవన్నీ దాని వెంట నడిచివచ్చేవే. లెక్క కూడా వానాకాలం చదువుకు అందేదే. వీడియోలో సెకనుకు 25 బొమ్మలు పరుగెత్తుతాయనుకోండి. పెరట్లో బ్రహ్మకమలం రాత్రి ఏడింటికి విచ్చుకోవడం మొదలుపెట్టి పదకొండింటికి పూర్తిగా విప్పారిందంటే నాలుగు గంటలు, అంటే 14,400 సెకన్లు. 30 సెకన్ల ఎడంతో తీస్తే 480 బొమ్మలు. తెరమీద 19 సెకన్లు. ఒక పువ్వుకు అది చాలు. అదే భద్రాచలం దగ్గర గోదావరి వరదనుకోండి, నాలుగు రోజుల సంగతి. 10 నిమిషాల ఎడంతో రోజుకు 144 బొమ్మలు, నాలుగు రోజులకు 576. తెరమీద 23 సెకన్లు. పువ్వుకూ నదికీ తెరమీద కాలం దాదాపు ఒకటే వచ్చింది గానీ కావలసిన పరికరాలు ఒకటి కావు. ఒకటి రాత్రి దీపపు వెలుగులో నాలుగు గంటలు నిలబడవలసినది, రెండవది వానలో, గాలిలో, కరెంటు లేని రాత్రులలో నాలుగు రోజులు నిలబడవలసినది. అందుచేత "ఏ కెమేరా?" అని అడిగినవారిని నేను "దేనిని? ఎన్నాళ్ళు?" అని అడుగుతాను. దుకాణదారు ఈ ప్రశ్న అడగడు. అడిగితే అతని సరుకు పోదు.

ఇక ఫోనులోని ఆ మీట కథ చూద్దాం. ఐఫోనులో ఇది 2014లో ఐఓఎస్ 8తో వచ్చింది. అది చేసే పని తెలిసినప్పుడు దాని తెలివికి ముచ్చటపడ్డాను, ఆ వెంటనే ఒళ్ళు మండింది. మొదట సెకనుకు రెండు బొమ్మల చొప్పున తీయడం మొదలుపెడుతుంది. పది నిమిషాలు దాటగానే ఎడాన్ని రెట్టింపు చేసి, అంతకుముందు తీసినవాటిలో ఒకటి విడిచి ఒకటి పారేస్తుంది. ఇరవై నిమిషాలు దాటితే మళ్ళీ అదే పని. నలభై దాటితే మళ్ళీ. ఈ విధంగా మీరు అరగంట తీసినా, అరపూట తీసినా చివరికి చేతికి వచ్చేది ఇంచుమించు 20 నుంచి 40 సెకన్ల వీడియో. అంటే మీ దృశ్యం విలువ ఎంతో, దానిలో ఏది ఉంచదగినదో, ఏది పారవేయదగినదో ముందే ఒక కంపెనీ ఇంజనీరు తేల్చివేశాడు. మిమ్మల్ని అడగలేదు. పారేసినవి ఎక్కడా మిగలవు. మిగిలినవి కూడా బొమ్మలుగా మిగలవు, వీడియోగా అతుక్కుపోయి ఉంటాయి. ఏ బొమ్మ ఏ క్షణానిదో చెప్పే గురుతు దేనిమీదా ఉండదు.

ఇందులో నష్టమేముంది, సరదాకి తీసుకునేదే కదా అంటారు. సరదాకైతే నాకూ అభ్యంతరం లేదు. మేఘాలు పరుగెత్తడం, సాయంత్రం ట్యాంకుబండు మీద బండ్ల దీపాలు గీతలుగా సాగడం, చూడడానికి బాగానే ఉంటాయి. కానీ సరదాకి కాని టైమ్‌లాప్స్ ఒకటుంది. భద్రాచలంలో నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 2022 జూలైలో అది 71 అడుగులు దాటింది. 1986 ఆగస్టులో 75 దాటింది. ఆ అడుగుల గురుతులు పడేటట్లు పది నిమిషాలకొక బొమ్మ తీసి, ప్రతి బొమ్మమీదా వేళ ఉన్నదనుకోండి. అప్పుడు అది వీడియో మాత్రమే కాదు, ఒక పట్టిక. ఏ రాత్రి ఏ వేళకు ఎన్ని అడుగులు పెరిగిందో, ఎక్కడ తగ్గి మళ్ళీ ఎక్కడ ఎగసిందో వేలుపెట్టి చూపవచ్చు. పదేళ్ళ తరువాత ఎవడో ఒక కుర్రవాడు ఆ బొమ్మలు ముందు వేసుకుని మనకు తోచని ప్రశ్న ఒకటి వాటిని అడగవచ్చు. ఫోను ఇచ్చిన ముప్ఫై సెకన్ల వీడియోను ఏ ప్రశ్నా అడగలేము. "నీళ్ళు వచ్చాయి" అని మాత్రమే చెబుతుంది. అది మనకు ముందే తెలుసు.

మన సాహిత్యంలో మూలమూ, వ్యాఖ్యానమూ అని రెండు ఉంటాయి. మల్లినాథుడు ఎంత గొప్పవాడైనా సరే, ఆయన వ్యాఖ్య చేతికి వచ్చింది కదా అని కాళిదాసు శ్లోకాలను ఎవరూ చింపి పారేయలేదు. బొమ్మలు మూలం. వాటిని వరుసగా పేర్చి, ఫలానా వేగంతో, ఫలానా రంగుతో తయారుచేసిన వీడియో వ్యాఖ్యానం. రేపు అదే మూలానికి మరొక వ్యాఖ్యానం రాయవచ్చు. టైమ్‌లాప్స్ ప్రపంచంలో మనం చేస్తున్నదేమిటంటే వ్యాఖ్యానం చేతికి రాగానే మూలాన్ని చెత్తబుట్టలో వేయడం. లక్షన్నర కెమేరా వర్గంవారూ తక్కువ తినలేదు. వీడియోను యూట్యూబుకు ఎక్కించిన మర్నాడే "డిస్కు నిండిపోయింది" అని బొమ్మలన్నిటినీ తుడిచివేసినవారు నాకు స్వయంగా తెలుసు.

నాకు ఈ విషయంలో ఇంత పట్టుదల ఎందుకంటే కారణం ఒకటుంది. మా మేడమీదినుంచి ఒక చెరువు కనిపిస్తుంది. దాని పేరు ఇక్కడ అనవసరం. హైదరాబాదు చుట్టుపక్కల అటువంటివి చాలా ఉన్నాయి, ఉండేవి అనడం సబబేమో. 2024 జూలైలో హైడ్రా ఏర్పడిన తరువాత ఎఫ్‌టీఎల్ అన్న మాట, అంటే చెరువు నిండినప్పుడు నీరు నిలిచే హద్దు, అరుగుమీద కూర్చున్న ముసలివాళ్ళ నోట కూడా వినిపించసాగింది. మా కాలనీలోనూ సమావేశాలు జరిగాయి. "నీళ్ళు ఆ వేపచెట్టు దాటి ఎన్నడూ రాలేదు" అని ఒకాయన. "మా నాన్నగారి హయాంలో మీ గేటుదాకా వచ్చేవి" అని మరొకాయన. అందరూ ఫోనులు తీశారు. ఎవరి ఫోనులో చూసినా వానలో ఉరకలేసే మేఘాలు, కింద తళతళలాడే నీళ్ళు. ఏ సంవత్సరం? ఏ నెల? వాట్సాపులో ఒక చేయి మారి మరొక చేతికి వచ్చిన వీడియోకు తీసిన తేదీ మిగలదు, పంపిన తేదీయే మిగులుతుంది. ఉపగ్రహ చిత్రాలు చూద్దామన్నాడు ఒక కుర్రవాడు. మంచి ఆలోచనే. సెంటినెల్-2 ఉపగ్రహాల జంట ఐదు రోజులకొకసారి ఒకేచోటి బొమ్మ తీస్తుంది, ఉచితంగా కూడా లభిస్తుంది. కానీ చెరువు నిండేది వానాకాలంలో, వానాకాలంలో పైన ఉండేది మబ్బు. సరిగ్గా మనకు కావలసిన రోజుల్లో ఉపగ్రహానికి కనిపించేది తెల్లని దూది.

మూడో అంతస్తు పిట్టగోడమీద ఉన్న కెమేరాకు ఆ బెడద లేదు. పొద్దున ఆరునుంచి సాయంత్రం ఆరుదాకా అరగంటకొక బొమ్మ తీస్తే రోజుకు 24, ఏడాదికి 8,760. బొమ్మకు 4 ఎంబీ చొప్పున మొత్తం 35 జీబీ. ఒక 64 జీబీ కార్డులో సంవత్సరమంతా పడుతుంది. ఈ 8,760 బొమ్మలనుంచి మధ్యాహ్నం పన్నెండింటివి మాత్రమే ఏరితే 365. పద్నాలుగు సెకన్ల పైచిలుకు వీడియో. నీడలు కదలవు, నీరు మాత్రమే పెరిగి తరుగుతుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా అన్నీ పేరిస్తే వానాకాలం కథ. ఒడ్డున లారీ మట్టి పోసిన ఒక్క రోజును మాత్రమే తీసుకుంటే అది మరొక కథ, ఆ లారీ యజమానికి అంతగా నచ్చని కథ. మూలం ఒకటే, వ్యాఖ్యానాలు ఎన్ని కావలిస్తే అన్ని. (కెమేరాను చెరువువైపు తిప్పండి, ఎదురింటివారి వంటింటివైపు కాదు. ఇది కూడా చెప్పవలసి వస్తున్నది.)

ఇప్పుడు కెమేరా. పెద్ద కెమేరా వర్గంవారి మొదటి అస్త్రం మెగాపిక్సెళ్ళు. ఫుల్ హెచ్‌డీ వీడియోలో ఒక బొమ్మకు ఉండేవి 1920 నిలువు వరుసలు, 1080 అడ్డు వరుసలు, అంటే సుమారు 20 లక్షల చుక్కలు. రెండు మెగాపిక్సెళ్ళు! 4కే వీడియోకు 3840 గుణించు 2160, ఎనిమిది మెగాపిక్సెళ్ళ పైన కొంచెం. జేమ్స్ బేలోగ్ అనే అమెరికను ఛాయాచిత్రకారుడు 2007లో ఎక్స్‌ట్రీమ్ ఐస్ సర్వే అనే పని మొదలుపెట్టి, అలాస్కా, గ్రీన్లాండ్, ఐస్లాండులలో హిమానీనదాలకు ఎదురుగా కెమేరాలు పాతాడు. పగలంతా బొమ్మలు తీస్తూ, చలిలో, మంచుగాలిలో సంవత్సరాల తరబడి నిలబడ్డాయవి. 2012లో వచ్చిన 'చేజింగ్ ఐస్' అన్న చిత్రం దానిగురించే. కొండలవంటి మంచు వెనక్కు కుంచించుకుపోవడం లోకం తన కళ్ళతో చూసింది. ఆ కెమేరాలు నికాన్ డి200లు, 2005లో వచ్చినవి, 10 మెగాపిక్సెళ్ళవి. వాటి బొమ్మ వెడల్పు 3872 చుక్కలు. ఈనాటి 4కే తెరకు కూడా సరిపోయి 32 మిగులుతాయి. ఇక మన పెరటి చెరువుకు 45 మెగాపిక్సెళ్ళు ఎందుకో నాకు ఎవరైనా వివరించాలి.

రెండవది, పెద్ద కెమేరా ఈ పనిలో అరిగిపోతుంది. ఈ మాట అమ్మేవాళ్ళు చెప్పరు. డీఎస్ఎల్ఆర్‌లో బొమ్మ తీసినప్పుడల్లా టక్కుమని తెరుచుకుని మూసుకునే యాంత్రికమైన తెర ఒకటుంది. చిన్నరకం డీఎస్ఎల్ఆర్లలో దాని ఆయుర్దాయం లక్ష బొమ్మల దరిదాపు. ఐదు సెకన్ల ఎడంతో ఒక రోజు తీస్తే 17,280. ఆరు రోజులకు లక్ష దాటుతుంది. పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ పదేళ్ళు రావలసిన వస్తువును ఒక వారంలో హారతి కర్పూరం చేయడమన్నమాట. మిర్రర్‌లెస్ కెమేరాలలో ఎలక్ట్రానిక్ షటరు పెట్టుకుంటే ఈ అరుగుదల లేదు. అందువల్ల ఉన్న కెమేరానే వాడుకునేవారు ముందు ఆ సదుపాయం ఉన్నదీ లేనిదీ చూసుకోవాలి.

మరి ఏది కొనాలి? నా జాబితాకు ఒకే గీటురాయి: ప్రతి బొమ్మనూ, దాని వేళతో సహా, విడి దస్త్రంగా నా చేతికి ఇస్తుందా? కరెంటు పోయి వచ్చాక నేను మేడ ఎక్కకుండానే తనంతట తాను మళ్ళీ మొదలవుతుందా? రెండవది మొదటిదానికి అనుబంధమే. మన ఊళ్ళలో దాని విలువ మొదటిదానికన్న ఎక్కువ.

ఈ గీటురాయి మీద నాకు అన్నిటికన్న నచ్చినది రాస్ప్‌బెరీ పై. అరచేతిలో ఇమిడే ఈ కంప్యూటరు 2012లో వచ్చింది, దాని కెమేరా 2013లో. 2020లో వచ్చిన హెచ్‌క్యూ కెమేరాకు 12 మెగాపిక్సెళ్ళు, కటకాలు కూడా మార్చుకోవచ్చు. లినక్సు నడుస్తుంది కనుక 'అరగంటకొకసారి బొమ్మ తీసి, తేదీ వేళలతో పేరుపెట్టి దాచు' అని ఒకే ఒక్క వాక్యం దానికి రాసిపెడితే చాలు, కరెంటు ఎన్నిసార్లు పోయి వచ్చినా లేచి తన పని తాను చేసుకుంటుంది. ఒక్క జాగ్రత్త. పై 5కు ముందటి నమూనాలలో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. వేళను జాలంనుంచి తెచ్చుకుంటుంది. కరెంటుతోపాటు జాలం కూడా పోతే తప్పు వేళ వేసుకుంటుంది. చిన్న గడియారపు ముక్క ఒకటి విడిగా దొరుకుతుంది, అది తగిలించాలి. వేళ తప్పిన బొమ్మ సాక్షి కాదు, గోడమీది పటం.

డబ్బు పెట్టడం ఇష్టం లేనివారికి పాత ఫోను ఉన్నది. ఫోను నాకు శత్రువు కాదు, దాని టైమ్‌లాప్స్ మీటే శత్రువు. ఓపెన్ కెమేరా అనే ఆండ్రాయిడు ఉపకరణం ఉచితం, దాని మూలరచన కూడా బహిరంగం. అందులో ఎడం చెప్పి, వరుసగా విడి బొమ్మలు తీయించవచ్చు. అయితే పాత ఫోనును నెలల తరబడి ఛార్జరుకు కట్టిపడేస్తే బ్యాటరీ ఉబ్బుతుంది, ఎండలో ఇంకా త్వరగా. పువ్వుకు సరే, చెరువుకు వద్దు. గోప్రోలో టైమ్‌లాప్స్ వీడియో అని ఒకటి, టైమ్‌లాప్స్ ఫోటో అని ఒకటి ఉంటాయి. రెండవది ఎంచుకోండి. గేటుదగ్గర ఇప్పటికే బిగించిన సీసీ కెమేరా కూడా పనికిరావచ్చు. చాలావాటిలో ఒక చిరునామా అడిగితే ఆ క్షణపు బొమ్మ ఒకటి ఇచ్చే వసతి ఉంటుంది. కంప్యూటరు చేత ఆ చిరునామాను అరగంటకొకసారి తట్టిస్తే సరి.

ఏ కెమేరా అయినా అన్నిటినీ దాని ఇష్టానికి వదిలేస్తే బొమ్మకొక తీరుగా తీస్తుంది. ఒకసారి పసుపు, మరొకసారి నీలి. వీడియోలో అది మిణుకుమిణుకుమంటుంది. రంగు, నాభి రెండింటినీ మనమే బిగించివేయాలి. కాంతి మొత్తం మాత్రం పగటివేళ కొంత దానికి వదలక తప్పదు. ఖరీదైన కటకాలలో మరొక చిత్రం ఉంది. బొమ్మ తీసే ప్రతిసారీ లోపలి కంతను ముడుచుకుంటాయి, ముడిచిన ప్రతిసారీ వెంట్రుకవాసి తేడా. కంటికి తెలియని ఆ తేడా వీడియోలో వణుకై కూర్చుంటుంది. కంత తిప్పడానికి చేతితో తిరిగే కట్టు ఉన్న పాతకాలపు కటకానికి ఈ జబ్బు లేదు. దీపపు వెలుగులో బ్రహ్మకమలం తీసేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు, దీపం 100 సార్లు మినుకుతుంది. షటరు వేగం సెకనులో యాభయ్యో వంతో, నూరో వంతో ఉంటే ఆ మినుకు బొమ్మల్లో పడదు. ఇక వానాకాలంలో కటకానికి బూజు, దీపానికి పురుగులు, పురుగులకోసం బల్లి. బల్లి మా కటకం మీద తిష్ఠ వేసిన రాత్రి బొమ్మలు కూడా దాచి ఉంచాను. మూలంలో ప్రక్షిప్తాలు ఉంటే ఉండనీ.

సాఫ్టువేరు సంగతి పదిమాటల్లో తేలిపోతుంది, పోట్లాట మాత్రం పెద్దది. వరుస సంఖ్యలున్న బొమ్మలను వీడియోగా కుట్టడానికి ఎఫ్ఎఫ్ఎంపెగ్ చాలు. 2000 సంవత్సరంనుంచి ఉన్నది, ఉచితం, విండోసులోనూ లినక్సులోనూ మ్యాకులోనూ నడుస్తుంది. ఒక్క వరుస ఆజ్ఞ రాస్తే పని అయిపోతుంది. మినుకును తగ్గించే జల్లెడ కూడా అందులోనే ఉంది. నల్లతెర అంటే భయమున్నవారికి షాట్‌కట్ ఉంది, బొమ్మల వరుసను వరుసగానే తీసుకుంటుంది. పేర్లు మార్చడానికి, పరిమాణం తగ్గించడానికి మన పాత చుట్టం ఇర్ఫాన్‌వ్యూ ఉండనే ఉంది. సూర్యాస్తమయంనుంచి చీకటిదాకా కాంతి మారుతూ పోయే దృశ్యాలకు ఎల్ఆర్‌టైమ్‌లాప్స్ నిజంగా గొప్ప పనిముట్టు, ఆ పనిలో దానికి సాటి నేను చూడలేదు. కానీ అది లైట్‌రూము భుజంమీద చేయి వేసుకుని నడుస్తుంది. అడోబీ సంస్థ 2013నుంచి చందాల దారి పట్టింది. ఒకేసారి డబ్బిచ్చి సొంతం చేసుకోగలిగిన లైట్‌రూములలో చివరిది 2015లో వచ్చిన ఆరవది. చందా ఆగినరోజున బొమ్మలు చూడనిస్తుంది, దిద్దే గదికి మాత్రం తాళం పడుతుంది. పదేళ్ళ చెరువు రికార్డును ఆ తాళంచెవికి కట్టమంటే నేను కట్టను.

యూనికోడుకు ముందటి తెలుగు జాలాన్ని చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. ఒక్కొక్క పత్రికకు ఒక్కొక్క సొంత ఖతి. ఆ ఖతి మన కంప్యూటరులో లేకపోతే తెలుగు కాస్తా లాటిన్ అక్షరాల గడ్డివామి. పద్మ అనే పొడిగింత వచ్చి ఫైర్‌ఫాక్సులో వాటిని యూనికోడులోకి మార్చి చూపించినప్పుడు మనం పడ్డ సంబరం ఇంకా గుర్తుంది. సాఫ్టువేరు తన సొంత భాషలో దాచుకునే ప్రాజెక్టు దస్త్రం ఆ పాత ఖతివంటిది. పేరులో తేదీ ఉన్న మామూలు జేపెగ్ బొమ్మ యూనికోడువంటిది. ఎవరైనా, ఎప్పుడైనా, దేనితోనైనా తెరవవచ్చు. అందుకే ముడి దస్త్రాలు, అదే రా అంటారే, అవే తీయాలని శఠించేవారితో కూడా నాకు పొత్తు కుదరదు. అస్తమయానికి అవి మేలే. ఏడాదిపాటు తీసే చెరువుకు బొమ్మకు పాతిక ఎంబీ చొప్పున దాచేవాడు ఆరో నెలలో విసిగి పని మానేస్తాడు. మానేసిన రికార్డుకన్న జేపెగ్ రికార్డు నయం.

కొత్తగా వచ్చిన మరొక విద్య ఉంది, దానిని చూస్తే నాకు నిజంగానే భయం వేస్తుంది. రెండు బొమ్మల నడుమ లేని బొమ్మలను కృత్రిమ మేధ చేత పుట్టించి కదలికను నున్నగా చేయడం. కళ్ళు మూసుకున్న ఆ ఎడంలో ఏమి జరిగి ఉండవచ్చునో యంత్రం ఊహిస్తుంది, ఊహను చూసినదానితో కలిపివేస్తుంది. సినిమాకైతే చేసుకోండి. నీటి హద్దుమీద తగవు ఉన్నచోట అది అబద్ధపు సాక్ష్యం, తీసినవాడికి ఆ ఉద్దేశం లేకపోయినా సరే. వీడియో చేతికి ఇచ్చి బొమ్మలు అడిగితే "అవి లేవండీ" అనేవారిని ఇకముందు నమ్మడం కష్టం. ఏది తీసినది, ఏది పుట్టించినది అని తేల్చే దారి మూలం ఒక్కటే.

ఇది నా ఒక్కడి ఛాదస్తం కాదు. 2024 జూలై 1నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ దస్త్రాన్ని సాక్ష్యంగా పెట్టేటప్పుడు ఇచ్చే ధ్రువపత్రంలో దాని హ్యాష్ విలువను పేర్కొనాలి. హ్యాష్ అంటే దస్త్రపు వేలిముద్ర అనుకోండి. ఒక్క చుక్క మారినా ముద్ర మారిపోతుంది. బొమ్మ తీసిన రోజే ఆ ముద్రను లెక్కకట్టి ఒక పట్టీలో రాసిపెట్టడం రాస్ప్‌బెరీ పైకి రెప్పపాటు పని. ఆ పట్టీని రోజూ మరొక చోటికి, మరొకరి కంప్యూటరుకు పంపుకుంటే మరీ మంచిది. తరువాత వీడియోలో రంగులు దిద్దండి, పాట పెట్టండి, వేగం పెంచండి. అవన్నీ నకలుమీద.

"8,760 బొమ్మలు ఎవరు చూస్తారండీ?" అని నన్ను ఒక మిత్రుడు వెటకారంగా అడిగాడు. ఎవరూ చూడరు. ఊరి కరణం చేతి పహాణీలను కూడా ఎవరూ కాలక్షేపానికి చదవలేదు. తగవు వచ్చినరోజున ఒక్క పేజీ కోసం బీరువాలన్నీ తీశారు. 1910లో పెర్సీ స్మిత్ అనే ఆంగ్లేయుడు పువ్వులు విచ్చుకోవడాన్ని చలనచిత్రంగా తీసి చూపినప్పుడు, అతనికి ఉన్నది ఇంటి సామానుతో తానే అమర్చుకున్న యంత్రాలూ, ఫిల్ము చుట్టలూ. ఆ ఫిల్ములో ఒక సుఖం ఉండేది. ప్రతి బొమ్మా ఆ చుట్టమీదే, కళ్ళముందే మిగిలేది. వెలుతురుకు పెట్టి ఒక్కొక్కటే చూసుకోవచ్చు. నూరేళ్ళు పైబడిన తరువాత, ఒక గోరంత కార్డులో లక్ష బొమ్మలు పట్టే కాలంలో, మనం దానికన్న తక్కువ దాచుకుంటున్నాము.

బీరువాలో పాత క్యానన్ పవర్‌షాట్ పడి ఉన్నవారు దానిని పారేయకండి. సీహెచ్‌డీకే అనే ఉచిత రచనను కార్డులో వేస్తే, కెమేరాలోని అసలు సాఫ్టువేరును ఏమీ చేయకుండానే దానికి ఎడంగా బొమ్మలు తీయడం నేర్పవచ్చు. అన్ని నమూనాలకూ అది లేదు. కెమేరా పేరుతోపాటు దాని లోపలి ఫర్మువేరు సంఖ్య కూడా సరిపోలాలి కనుక ముందు ఆ సంఖ్య చూసుకుని, దానికి తగిన దస్త్రమే దించుకోండి. కరెంటునుంచి నేరుగా నడిపే నకిలీ బ్యాటరీ బజారులో దొరుకుతుంది. మొదటి రెండు రోజులూ చెరువుకు కాదు, ఇంట్లో గోడగడియారానికి ఎదురుగా పెట్టి తీయండి. బొమ్మలోని గడియారమూ, దస్త్రంమీది వేళా ఒకటేనా కాదా అన్నది అక్కడే తెలిసిపోతుంది.